చచ్చినవాటినే కోసే కత్తి

అడవిదున్న చచ్చిపోవడంలో ఎవరి తప్పూ లేదు. వయసు మళ్లిన మగదున్న. కొండ అంచున మేస్తూ కాలు జారి, కింద బండల మీద పడి మెడ విరగ్గొట్టుకుంది. తప్పంతా అది పడిన చోటులో ఉంది. నేరెళ్లమెట్ట అభయారణ్యంలో చావడానికి బోలెడంత జాగా ఉండగా, అది పోయి పోయి గోగుపాడు ఊటలో పడింది. గోగుపాడు కొండ కింద చిన్న గూడెం. ఆ ఊటనుంచి గొట్టం గుండా దిగివచ్చే నీళ్లే అక్కడి జనం తాగుతారు.

రేంజి ఆఫీసరు సువర్ణరాజు కబురు తెలిసిన పూటే కొండెక్కాడు. వెంట బీటు గార్డు లోవరాజు, పశువుల డాక్టరు ఉన్నారు. డాక్టరు దున్న చుట్టూ తిరిగి చూసి సహజ మరణమని రాశాడు. చేతులు కడుక్కుందామని ఊటవైపు వంగి, అందులో ఉన్నదేమిటో గుర్తొచ్చి మానుకున్నాడు.

తర్వాత ఏం చెయ్యాలో అక్కడున్న అందరికీ తెలుసు. గూడెమంతా కలిసి పట్టినా లేచే కళేబరం కాదది. జీపు సగం కొండదాకానే వస్తుంది. కాబట్టి తోలు ఒలిచి, కీళ్ల దగ్గర విడగొట్టి, ముక్కలు కావిళ్ల మీద దింపి, అభయారణ్యం హద్దు దాటించి కాల్చెయ్యాలి. గట్టిగా పట్టుకుంటే ఒక్క రోజు పని. గూడెంలో మంచినీళ్ల సంఘానికి పెద్ద పల్లాల సోములమ్మ. ఆమె అప్పటికే కొంగు నడుముకు బిగించి నిలబడి ఉంది.

"మా గొడ్డళ్లూ కత్తులూ మీ చెక్‌పోస్టులో ఉన్నయ్యి సారూ. ఒక్కపూటకి ఇప్పించండి. పనవ్వగానే తెచ్చి మీకే అప్పజెప్పేత్తాం," అంది.

సువర్ణరాజు సరేననబోయి ఆగాడు. ఆ గొడ్డళ్లు చెక్‌పోస్టుకు ఎందుకు చేరాయో గుర్తొచ్చింది.

కిందటి వానాకాలంలో అటవీ శాఖవారు "పదునులేని అడవి" అనే ఉద్యమం మొదలుపెట్టారు. వేటగాడి చేతిలో కత్తి లేకపోతే వేటే ఉండదని ఒక సదస్సులో ఎవరో అన్నారు. ఆ మాట అక్కడున్న అందరికీ నచ్చింది. వేటగాడి చేతిలో కత్తిని పట్టుకోవడం కష్టం గనక, మిగతా అందరి చేతుల్లో ఉన్నవాటిని పట్టుకున్నారు. కొడవళ్లు, గొడ్డళ్లు, కత్తిపీటలు, ఆఖరికి మంగలి పొదిలోని కత్తులు కూడా చెక్‌పోస్టు గదికి చేరాయి. లోపలి గూడేల్లో ఆడవాళ్లు బెండకాయలు చేత్తో విరిచి, గుమ్మడికాయలు బండకేసి కొట్టి వండుకోసాగారు. మగవాళ్లకు గడ్డాలు పెరిగాయి. తనిఖీకి వచ్చిన పై అధికారి ఒకాయన ఆ గడ్డాలు చూసి, ఈ ప్రాంతంలో ఆధ్యాత్మిక చింతన బాగా ఉన్నట్టుందని మెచ్చుకుని వెళ్లాడు.

ఆ ఉత్తర్వులో శాఖ కోసం ఒక్క సందు వదిలారు. శాఖాపరమైన అవసరాలకు "ఆమోదిత పరికరములు" వాడుకోవచ్చు. సువర్ణరాజు కొండ దిగుతూనే డివిజను ఆఫీసుకు ఫోను చేసి, ఆమోదించిన పరికరాలు ఏవేవని అడిగాడు. ఇంతవరకూ ఒక్కటీ ఆమోదించలేదని జవాబొచ్చింది. ఎవరూ అడగలేదట.

మర్నాడు పొద్దున్నే అతను కోటపర్తి వెళ్లి డివిజనల్ ఆఫీసరు విద్యానాథ్‌గారిని కలిశాడు. విద్యానాథ్‌గారు మర్యాదస్తుడు. గొంతు పెంచి ఎరగడు. కింది ఉద్యోగి ఏం చెప్పినా ముందు మెచ్చుకుంటాడు, ఆ తర్వాతే వాయిదా వేస్తాడు. పదునులేని అడవి అమలులో ఆయన డివిజనే మొదటిది. అందుకు వచ్చిన గాజు జ్ఞాపిక బల్ల మీద ఉంది. మొనలుండటం సబబు కాదని దాని మూలలు అరగదీయించారు.

సువర్ణరాజు చెప్పిందంతా ఆయన కళ్లు మూసుకుని విన్నారు.

"మీ ఆవేదనను శాఖ గుర్తించింది సువర్ణరాజుగారూ. అయితే మనం అడవిలోకి పదును పంపుతున్నాం. అది చిన్న విషయం కాదు. పంపే పరికరం మరణించిన జంతువును విభజించగలిగి ఉండాలి. అదే సమయంలో, జీవించి ఉన్న జంతువుకు ఎట్టి హానీ చేయజాలనిదై ఉండాలి."

కోసేది దేన్నయినా కోస్తుందని, ఎదురుగా ఉన్నది బతికున్నదో చచ్చినదో కత్తికి తెలియదని సువర్ణరాజు వినయంగా మనవి చేశాడు.

"కత్తికి తెలియదు. అందుకే సంఘం వేస్తున్నాం," అన్నారు విద్యానాథ్‌గారు.

సాయంత్రానికల్లా పరికరాల ఎంపిక సంఘం ఏర్పడింది. అధ్యక్షులు ఆయనే. కార్యదర్శి సువర్ణరాజు. పని తెలిసినవాడు ఒకడైనా ఉండాలి గనక, కోటపర్తి బజారులో మాంసం కొట్టు నడిపే మదారును సాంకేతిక సభ్యుడిగా పిలిపించారు.

మొదటి రోజు మదారు మామూలు మనిషిలాగే వచ్చాడు. గోనెగుడ్డలో చుట్టి తెచ్చిన కత్తులు బల్ల మీద పరిచాడు. తోలుకు చిన్న కత్తి చాలని, పెద్దదైతే పేగు తెగి కంపు లేస్తుందని, కీళ్లకు సన్నది, ఎముకకు బరువుది, పక్కన ఒక సానరాయి ఉంటే పనైపోతుందని చెప్పాడు. నలుగురు మనుషుల్నిస్తే రేపే కొండెక్కుతానన్నాడు. సంఘం అతన్ని అభినందించి, మెడలో వేసుకోవడానికి ఫొటో ఉన్న గుర్తింపు కార్డు ఇచ్చింది. ఆ కార్డుతోనే పని చెడింది. రెండో సమావేశానికి మదారు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. దున్న సంగతి అడిగితే, క్షేత్ర పరిస్థితులు అధ్యయనం చెయ్యకుండా తొందరపడి ఏదీ చెప్పలేనన్నాడు.

పరీక్షలు ఆఫీసు పెరట్లో మొదలయ్యాయి. చచ్చిన జంతువుకు గుర్తుగా మేక తొడ ఒకటి కొనితెచ్చి వసారాలో వేలాడదీశారు. బతికున్న జంతువుకు గుర్తుగా ఏది పెట్టాలన్న దాని మీద ఒక పూటంతా చర్చ జరిగింది. లోవరాజు శాఖ ఉద్యోగి, బతికే ఉన్నాడు, పైగా ఎదురుగా నిలబడి ఉన్నాడు. అందరూ ఒకసారి అతని వైపు చూశారు. అతను మెల్లగా నడిచి జీపు వెనక్కి వెళ్లాడు. చివరికి నూతి దగ్గరి అరటిచెట్టుతో సరిపెట్టుకున్నారు.

మదారు కత్తులన్నీ తొడనూ కోశాయి, చెట్టునూ కోశాయి. అన్నీ తప్పాయి. అక్కణ్నుంచి పదును తగ్గించుకుంటూ పోయారు. క్యాంటీనులో ఉల్లిపాయలు కోసే కత్తి, బీరకాయ చెక్కు తీసేది, అట్లకాడ, అన్నిటికీ అవకాశమిచ్చారు. విద్యానాథ్‌గారి బల్ల మీద కవర్లు చింపే ఇత్తడి కత్తి ఒకటుంది. అది అరటిచెట్టుకు ఏ హానీ చెయ్యలేదు. తొడకూ చెయ్యలేదు. దాన్ని సగం విజయంగా రాసుకున్నారు. ఆ రోజు సంఘం వాళ్లు చాలా ఉత్సాహంగా ఇళ్లకు వెళ్లారు.

కోసిన ముక్కలు మోసుకొచ్చే సామగ్రి మీద మరో సమావేశం జరిగింది. సంచుల్లోంచి నెత్తురు కారకూడదని విద్యానాథ్‌గారు, లోపల గాలి ఆడాలని మదారు పట్టుబట్టారు. గాలి ఆడే సంచి కారుతుంది, కారని సంచికి గాలి ఆడదు. రెండూ కొని ఒకదానిలో ఒకటి పెట్టమని తీర్మానించారు. కావిడి బద్ద దగ్గర పెద్ద చిక్కే వచ్చింది. అది వెదురు. వెదురు అటవీ ఉత్పత్తి. రవాణా పర్మిట్ లేకుండా హద్దు దాటకూడదు. కాబట్టి దున్న బయటికి రావచ్చు గాని, దాన్ని మోసే కావిడి లోపలే ఆగిపోవాలి. హద్దు గీత దగ్గర బరువును గాలిలో ఉండగానే లోపలి కావిడి మీంచి బయటి కావిడి మీదికి మార్చే పద్ధతిని మదారు కాగితం మీద బొమ్మ వేసి చూపించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. సువర్ణరాజు కొట్టలేదు. అతని మనసు గోగుపాడు మీద ఉంది.

ఎండలు ముదిరాయి. ఊట కింద గాలి పీల్చలేకుండా ఉంది. గూడెంవాళ్లు గొట్టానికి గుడ్డలు కుక్కి మూసేశారు. ఆడవాళ్లు బిందెలు పట్టుకుని, ఎలుగుబంట్లు తిరిగే దారిలో దూరంగా ఉన్న వాగుకు పోతున్నారు. ఆ వాగు నీళ్లు పడక పిల్లలకు విరేచనాలు పట్టుకున్నాయి. సోములమ్మ కోడలు పచ్చి బాలింత. ఆమెకూ బిడ్డకూ స్నానానికి నీళ్లు లేవు. సువర్ణరాజు రోజూ జీపులో డబ్బాలతో నీళ్లు తెచ్చి, దారి ఆగిపోయిన చోటునుంచి తనూ లోవరాజూ భుజాన మోసుకెళ్లి ఇచ్చేవాళ్లు. గూడెంవాళ్లు వద్దనేవాళ్లు కాదు, థాంక్స్ అనేవాళ్లూ కాదు. ఒకరోజు ఖాళీ డబ్బాలు తిరిగి ఇస్తున్న ముసలాయన, ఇంత మంచివాడివి గవర్నమెంటులో ఎందుకున్నావని నెమ్మదిగా అడిగాడు. సువర్ణరాజుకు ఆ రాత్రి అన్నం సయించలేదు.

ఆ వారం చివర్లో సంఘానికి దారి దొరికింది. దొరికింది మదారుకు. అతను కార్డు సవరించుకుని లేచి, అధ్యక్షులవారి అనుమతితో ఒక సాంకేతిక అంశం మనవి చేస్తానన్నాడు. "ఈ ఎండలకి ఇంకొన్నాళ్లు ఆగితే కత్తే అక్కర్లేదండి. కర్రతో గెలికినా మాంసం ఎముక మీంచి ఊడొచ్చేత్తాది."

విద్యానాథ్‌గారు కుర్చీలోంచి లేచి వెళ్లి అతని చెయ్యి పట్టుకున్నారు.

నాటకాల సామాను అద్దెకిచ్చే కొట్టునుంచి, వెండి రంగు వేసిన చెక్క కత్తి ఒకటి తెప్పించారు. అది అరటిచెట్టుకు తగిలి వెనక్కి వచ్చింది. చెట్టుకు గాటు కూడా పడలేదు. తర్వాత వసారాలో ఉన్న తొడ మీద ప్రయోగించారు. తొడ మొదటి రోజు కొన్నదే. మార్చడానికి పద్దు లేదు. చెక్క కత్తి అందులోకి పెరుగులోకి గరిటెలా దిగిపోయింది. రెండు పరీక్షలూ నెగ్గిన పరికరం అదొక్కటే.

విద్యానాథ్‌గారు అక్కడికక్కడే తీర్మానం చెప్పి రాయించారు. కళేబరము తగిన పరిపక్వ స్థితికి చేరుకున్న పిమ్మట మాత్రమే దారు పరికరముతో విభజించవలెను. అంతవరకు జరిగే కాలయాపన ఇకమీదట కాలయాపన కాదు, ప్రక్రియలో మొదటి దశ. అందరూ సంతకాలు చేశారు.

ఈలోగా గూడెం నీళ్ల మాటేమిటని సువర్ణరాజు అడిగాడు. తాగునీరు మన శాఖ పరిధి కాదని, అయినా మానవతా దృష్టితో నీళ్లు కాచి చల్లార్చి తాగమని ఊళ్లో బోర్డు పెట్టించమని విద్యానాథ్‌గారు సెలవిచ్చారు. లోవరాజు బోర్డు పట్టుకెళ్లి పాతాడు. సోములమ్మ అది చదివించుకుని విని, "కాసుకోడానికి కట్టెలు కావాలి కదా బాబూ. కట్టెలు కొట్టడానికి గొడ్డలేది?" అని అడిగింది. మర్నాడు ఆమె సువర్ణరాజు జీపు ముందు సీట్లో ఎక్కి కూర్చుంది. ఆ పెద్దాయన్ని తనే అడుగుతానంది. దిగమనే ధైర్యం అతనికి లేకపోయింది.

విద్యానాథ్‌గారు ఆమెకు కుర్చీ వేయించారు. మజ్జిగ ఇప్పించారు. కత్తి ఎంపికలో ఎన్ని సున్నితమైన అంశాలున్నాయో ఓపికగా వివరించారు. సోములమ్మ మజ్జిగ తాగి, గ్లాసు బల్ల మీద పెట్టింది.

"ఒక్కమాట సెప్పండి బాబూ. ఆ పడ్డది అడివిదున్న కాకుండా, మా ఊరి గేదె అయ్యుంటే ఏం చేసుందురు?"

ఆయన వెన్ను నిటారైంది. అంతవరకూ లేని స్పష్టత గొంతులోకి వచ్చింది. "గేదె అయితే అది అక్రమ మేత కేసమ్మా. గంటలో నోటీసు ఇచ్చి ఉండేవాళ్లం. సదరు యజమాని సాయంత్రంలోగా, సొంత ఖర్చుతో, సొంత మనుషులతో, ఏ పరికరాలతోనైనా సరే, కళేబరాన్ని అభయారణ్యం నుంచి తొలగించి తీరాలి. లేకపోతే అరెస్టు. ఇటువంటి విషయాల్లో శాఖ క్షణం ఉపేక్షించదు."

సోములమ్మ సువర్ణరాజు వైపు చూసింది. సువర్ణరాజు నేల వైపు చూశాడు.

"అయితే అది నా గేదేనండి," అంది ఆమె.

విద్యానాథ్‌గారు ముందు ఆశ్చర్యపోయారు, తర్వాత బాధపడ్డారు, ఆ తర్వాత ఆయన ముఖం వికసించింది. ఆ ఏడాది అక్రమ మేత కేసులు పెట్టడంలో డివిజను బాగా వెనకబడి ఉంది. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని గద్దించారు. భయమేసి చెప్పలేదంది. గూడెం మనిషి చెప్పిన మాటల్లో ఆయన పూర్తిగా నమ్మింది అదొక్కటే కావచ్చు. మోకాళ్ల కింద అడవిదున్నకున్నట్టు తెల్లగా ఉందని డాక్టరు తీసిన ఫొటోల్లో కనబడుతోందే అన్నారు. సున్నం తొక్కిందని చెప్పింది. అంత ఎత్తేమిటన్నారు. ఒక్కగానొక్క గేదె, గారాబంగా పెంచామంది. పశువుల డాక్టరు అడవిదున్న అని రాసిన మాటను ఆయనే "ప్రాథమిక అభిప్రాయం" కింద సర్దేశారు. ఇక మిగిలింది ఒక్కటే. కళేబరాన్ని కళ్లారా చూసిన క్షేత్రాధికారి అది గేదేనని ధ్రువీకరించాలి.

కాగితం సువర్ణరాజు ముందుకు వచ్చింది.

అతను ఉద్యోగంలో చేరిన నాటినుంచి ఒక్క అబద్ధపు పంచనామా రాసి ఎరగడు. తోటివాళ్లు దానికి నవ్వేవాళ్లు. అడవిదున్నను గేదె అని రాయడమంటే మామూలు పొరపాటు కాదు. ఎప్పుడో ఒకనాడు ఎవరైనా తవ్వితే, వేటగాళ్లతో కుమ్మక్కయి జంతువును మాయం చేశాడంటారు. ఉద్యోగం పోతుంది, ఆపైన జైలు. ఇంట్లో కూతురి చదువు ఇంకా కాలేదు. కిటికీలోంచి వసారాలో తొడ కంపు వస్తోంది. ఆ కంపే ఎన్నో రెట్లు, బాలింత ఇంటిదాకా వస్తూ ఉంటుందని తట్టింది.

"పరిశీలించాను సార్. గేదే," అని సంతకం పెట్టాడు. అక్షరాలు వంకర పోయాయి. విద్యానాథ్‌గారు దాన్ని చూసి, పనిలో వేగం ఇలా ఉండాలని మెచ్చుకున్నారు.

తర్వాత జరిగినంత వేగంగా ఆ డివిజనులో ఏ పనీ జరగలేదు. సోములమ్మ ఇంటికి చేరేలోపే నోటీసు ఆమె గడపకు అతికించి ఉంది. చెక్‌పోస్టు సిబ్బంది గదిలోని గొడ్డళ్లు, కత్తులు, రంపాలు తామే జీపుకెత్తి, సగం కొండదాకా తెచ్చి, మిగతా దూరం నెత్తిన మోసుకొచ్చి పంచిపెట్టారు. సాయంత్రం దాటితే అరెస్టేనని తొందరపెట్టారు. ఒక గార్డయితే పదును చాల్లేదని గొడ్డలికి తనే సాన పట్టి ఇచ్చాడు.

గూడెం మొత్తం ముక్కుకు గుడ్డలు కట్టుకుని ఊటలోకి దిగింది. పని మొదలైన కాసేపటికి కొండ కిందనుంచి ఎవరో ఎక్కి వస్తూ కనిపించారు. మదారు. చంకలో గోనెగుడ్డ మూట ఉంది, మెడలో కార్డు లేదు. ఇది శాఖ పని కాదని, ఒక ఇంటామె గేదె పోతే సాయానికి వచ్చానని మదారే చెప్పుకున్నాడు. చొక్కా విప్పి చెట్టుకొమ్మకు తగిలించి, చిన్న కత్తి తీసుకుని తోలు దగ్గర కూర్చున్నాడు. సువర్ణరాజు కూడా యూనిఫాం చొక్కా విప్పి పక్కన పెట్టి కావిడి భుజానికెత్తుకున్నాడు. హద్దు గీత దగ్గర కావిడి మార్చాలని ఎవరికీ గుర్తు రాలేదు. చీకటి పడేసరికి హద్దు అవతల మంట లేచింది.

ఊటలో బురద తోడేశారు, రాళ్లు కడిగారు, సున్నం చల్లారు. గొట్టంలోంచి మొదట నల్లగా, తర్వాత ఎర్రగా, కొన్ని రోజులకు తేటగా నీళ్లొచ్చాయి.

డివిజనులో అందరికీ మంచే జరిగింది. అక్రమ మేత కేసు ఒకటి పెరిగింది. చెక్క కత్తిని నమూనాగా మిగతా డివిజన్లకు పంపారు. ఇంతవరకూ దానివల్ల ఒక్క ప్రాణికీ గాయం కాలేదని ప్రశంసలు వచ్చాయి. ఆ ఏడాది లెక్కల్లో అడవిదున్నల సంఖ్య ఒకటి తగ్గాల్సింది, తగ్గలేదు. దాన్ని పదునులేని అడవి ఫలితంగా చూపించారు. సోములమ్మకు జరిమానా పడింది. గూడెమంతా తలాకాస్త వేసుకుని కట్టేశారు. తన పరిధిలో ఒక గేదె అంతకాలం, అంత లావుగా మేస్తుంటే గమనించనందుకు సువర్ణరాజుకు మెమో వచ్చింది. ఇంక్రిమెంటు ఆగింది. ఆ కాగితం చదువుకుని అతను చాలారోజుల తర్వాత కడుపునిండా భోంచేశాడు.

నెల తిరిగాక గోగుపాడు మీదుగా పోతూ సోములమ్మ ఇంటి ముందు ఆగాడు. కోడలు చంటిదాన్ని కాళ్ల మీద వేసుకుని నీళ్లు పోస్తోంది. సోములమ్మ తొట్టి దగ్గర గ్లాసు నింపి తెచ్చి ఇచ్చింది. చల్లగా ఉన్నాయి. కంపు లేదు. అతను గుటకలేస్తూ తాగడం ఆమె పక్కనే నిలబడి చూసింది.

"సారూ, పై వాగులో కణుజు దుప్పి ఒకటి సచ్చి పడుందంట. పెద్దదేనంట, కొమ్ములే ఇంతేసున్నయ్యంట," అంది, చేతులు చాపి చూపిస్తూ. "పక్కింటి వీరమ్మకి మేకలున్నయ్యి. దాని పేర రాసెయ్యమంటారా?"

సువర్ణరాజు గ్లాసు కింద పెట్టాడు. మూతి తుడుచుకుని, జేబులోంచి పెన్ను తీసి, ఆ మేక ఏ రంగుదని అడిగాడు.